తుర్రం ఖాన్ మనవాడే

మా హాలియాలో ఎవరన్నా కొంచెం గట్టిగా మాట్లాడితే చాలు, "ఏంరా, పెద్ద తుర్రం ఖాన్‌వా?" అంటారు. మన ఇళ్లల్లోనూ మొండికేసిన పిల్లల్ని అదే మాటతో గద్దిస్తాం. ఆ మాట తుర్రెబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందంటారు. ఆయన షహీద్. ఆయన కహానీ మాత్రం పిల్లలకు చెప్పం.

1857 జూన్‌లో ఔరంగాబాద్‌లో బగావత్ లేచింది. ఎదురుతిరిగింది హైదరాబాద్ కంటింజెంట్ రిసాలా. ఖర్చు నిజాంది, హుకుం ఇంగ్లిషు అఫ్సర్లది, అలాంటి ఫౌజు అది. అందులోని జమాదార్ చీదా ఖాన్ పనాహ్ కోసం హైదరాబాద్ వచ్చాడు. దివాన్ సాలార్‌జంగ్ ఆయన్ని పట్టి కోఠీలోని రెసిడెన్సీకి అప్పగించాడు. అక్కడ ఉండే రెసిడెంట్ కల్నల్ డేవిడ్సన్. నిజాం దర్బారులో కంపెనీ మనిషి ఆయన. పెత్తనం మాత్రం గవర్నర్‌కు తక్కువ కాదు.

పనాహ్ అడిగినవాణ్ణి దుష్మన్ చేతికివ్వడం షహర్‌లో చాలామంది గైరత్‌కు తగిలింది. జూలై 17, జుమా రోజు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు, వెనక సుమారు ఐదొందల మంది రోహిల్లాలు. రెసిడెన్సీ ఎదుటి ఇళ్లల్లోకి చేరి రాత్రంతా తుపాకులు పేల్చారు. అవతల ఫిరంగులు. తెల్లారేసరికి లడాయి ముగిసింది.

తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. మౌల్వీ సాబ్ ఎక్కడున్నాడో చెప్పమంటే నోరు విప్పలేదు. కాలాపానీ సజా వేశారు. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర చంపేశారు. మయ్యత్‌ను షహర్‌లో వేలాడదీశారు. మౌల్వీ సాబ్ తర్వాత దొరికి అండమాన్ చేరాడు, అక్కడే ఇంతెఖాల్ అయ్యాడు.

ఒక్క మాట మనం దాచకూడదు. కంపెనీ పక్షాన నిలిచిన నిజాం అఫ్జలుద్దౌలా ముసల్మానే. సాలార్‌జంగ్ ముసల్మానే. తూప్రాన్‌లో వెంటాడిన తాలూక్‌దార్ ఖుర్బాన్ అలీ కూడా ముసల్మానే. అందుకే ఇది మజ్‌హబ్ లడాయి అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఒక వైపు కుర్సీ, ఇంకో వైపు పనాహ్ అడిగిన మనిషి. తుర్రెబాజ్ ఖాన్ మనిషి వైపు నిలబడ్డాడు.

ఆ రెసిడెన్సీ తర్వాత కోఠీ ఉమెన్స్ కాలేజీ అయ్యింది. మన బేటీలు ఎందరో అక్కడ చదివారు. బయట ఆయన యాద్‌గార్ ఉంది. ఈసారి కోఠీలో బస్సు దిగితే పిల్లల చెయ్యి పట్టుకుని అక్కడ రెండు నిమిషాలు ఆగండి. ఒక ఫాతిహా చదవండి.