ఏ పాటకి ఏ కోపు?

మౌఖిక సాహిత్యం మీద పనిచేసే మాలాంటివాళ్ళకి పాట అంటే ఒక పాఠం. పల్లవి, చరణం, పాఠాంతరం. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో అచ్చయిన దగ్గర్నుంచీ ఈ రంగంలో ఎంతో పని జరిగింది. కానీ కాగితం మీదికి ఎక్కిన పాటలో అడుగు ఉండదు. ఆ పాటకి ఆడవాళ్ళు ఏ కాలు ముందు వేశారు, ఎటు తిరిగారు, ఎవరు అలిసిపోయి వలయంలోంచి బయటికొచ్చారు అన్న విషయాలు మన నోటుపుస్తకాల్లో అరుదు. ఈ పాటకి ఈ ఆటే తగుతుందని నిర్ణయించిందెవరు అన్న ప్రశ్న ఇంకా అరుదు. నాకు మాత్రం స్త్రీల కళలో అధికారం ఎక్కడుందో తెలుసుకోవడానికి అదే మొదటి ప్రశ్న అనిపిస్తుంది.

మా ఊరు నెల్లూరు జిల్లాలో, మైపాడుకి దగ్గరగా, రాత్రిళ్ళు సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. మా పెద్దమ్మ చిన్నతనంలో అక్కడ రామమందిరం ముందు కోలాటం మగవాళ్ళది. ఆడపిల్లలది గొబ్బి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పేర్కొన్న పదాల్లో గొబ్బి పదాలూ ఉన్నాయంటే ఆ ఆట ఎంత పాతదో ఊహించుకోవచ్చు. గొబ్బికి కోలలు అక్కర్లేదు, గురువు అక్కర్లేదు. చప్పట్లే తాళం. గుమ్మడిపూలు గుచ్చిన గొబ్బెమ్మ చుట్టూ వంగి లేస్తూ తిరగడమే. పెళ్ళయ్యాక ఆ కాస్త చోటూ పోయేది. ఆడవాళ్ళ చేతికి కోలలు వచ్చింది మా ఊళ్ళో చాలా తర్వాత. ఇప్పుడు జట్టంతా ఆడవాళ్ళే.

పెద్దమ్మ ఆ జట్టుకి పాట ఎత్తుకునే మనిషి. ఏ పాటకి ఏ కోపు వెయ్యాలో ఆమె నోటితో చెప్పదు. పాట ఒక వరస పాడి, పాదంతో నేల మీద తట్టి చూసుకుంటుంది. దాని వెనక ఉన్న లెక్క నాకు మెల్లగా అర్థమైంది. త్రిశ్రంలో నడిచే పాటకి మూడేసి అడుగులు. ఒకసారి కుడికాలితో మొదలైతే, తర్వాతి సారి ఎడమకాలితో మొదలవుతుంది. అందువల్ల ఒళ్ళు దానంతటదే ఊగి తిరుగుతుంది. గుండ్రంగా తిరిగే కోపులు దానికి బాగుంటాయి. చతురశ్రంలో ప్రతిసారీ అదే కాలు ముందుకొస్తుంది. జంటలు ఎదురెదురుగా నిలబడి ముందుకీ వెనక్కీ వెళ్ళే కోపులకి అది సరి. జడ కోపు సంగతి వేరే. పైనుంచి వేలాడే తాళ్ళని అల్లిన వరసకి సరిగ్గా ఎదురువరసలో విప్పాలి. అల్లడానికి ఎన్ని చరణాలు పట్టిందో విప్పడానికీ అన్నే కావాలి. పాట మధ్యలో ఆగితే తాళ్ళు జడగానే మిగిలిపోతాయి.

మనిషి పాడుతున్నంత కాలం ఇదంతా ఇబ్బంది కాదు. జంటలు ఇంకా తమ చోటికి చేరకపోతే పెద్దమ్మ ఆ చరణాన్నే మరోసారి పాడుతుంది. ఎవరికో ఆయాసమొస్తే వడి తగ్గిస్తుంది. ఇప్పుడు పాట పెన్‌డ్రైవులో వస్తోంది. స్టూడియోలో తయారైన పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాల బిట్లుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో పొడవు. ఎనిమిది వరసల కోపు వేస్తుంటే చరణం ఆరు వరసలకే అయిపోతుంది. మా ఊరి అమ్మాయిలు దీన్ని తెలివిగానే ఎదుర్కొన్నారు. పాటని పదిసార్లు విని, వేళ్ళ మీద లెక్కపెట్టి, మిగిలిన చోట్ల నిలబడి వేసే అడుగులు అతికించారు. ఇంతకు ముందు కోపులు నేర్పడానికి పక్కూరి గురువు కోసం, ఆయన తీరిక కోసం, ఆయన రుసుము కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. సెల్‌ఫోన్ వాళ్ళని ఆ అవసరం నుంచి తప్పించింది. అది చిన్న విషయమేమీ కాదు.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో కాంట్రా అని ఒక సామూహిక నృత్యం ఉంది. రెండు బారు వరసలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒక ఆవృత్తానికి అరవై నాలుగు దెబ్బలు. అది పూర్తయ్యేసరికి ప్రతి జంటా పక్క జంట దగ్గరికి చేరాలి. ఏ బాణీకి ఏ ఆటో చూసుకుని, అడుగులు కేకేసి చెప్పే మనిషి ఒకరుంటారు. ఆ ఆటకి రాగ్‌టైమ్ పెడితే కొత్త చిక్కు. స్కాట్ జాప్లిన్ 1899లో ప్రచురించిన 'మేపుల్ లీఫ్ రాగ్' లాంటి రచనల్లో ఎడమచేతి తాళం నిలకడగా నడుస్తుంటే, కుడిచేతి స్వరం దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒరిగి పడుతుంది. పాట అలా వంకరపోయే చోట అడుగు సూటిగా ఉండాలి. మెలికల ఆట పెడితే రెండూ చెడతాయి. నల్లజాతి సంగీతకారుడైన జాప్లిన్ తన రచనల అచ్చుప్రతుల మీదే దీన్ని వేగంగా వాయించవద్దని హెచ్చరిక వేయించాడు. అది చదివినప్పుడు నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది. పాట వడి ఎవరి చేతిలో ఉండాలన్నది సంగీతానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పోయిన శ్రీరామనవమికి ముందు జట్టులో తగువొచ్చింది. పెద్దమ్మ ఎత్తుకునే పాటల్లో ఒకటి రాత్రిబడిలో నేర్చుకున్నది. నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమం సాగింది. దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్ళింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. పాట మాత్రం పెద్దమ్మ గొంతులో ఉండిపోయింది. గుడి ముందు దేవుడి పాటలే ఆడాలని కొందరు, అది పాతబడిందని అమ్మాయిలు. పైగా దానికి డప్పులు, బిట్లు పెట్టి ఎవరూ రికార్డు చెయ్యలేదు.

"పోనీ, నీ పాటకి మేం మా కోపు వేస్తాంలే అత్తా," అంది ఒక అమ్మాయి.

"ఎట్టా వేస్తావు పాపా? అది నడిచే పాట, మీది ఎగిరే కోపు. మాట ఎవురికన్నా ఇనపడద్దా?" అంది పెద్దమ్మ.

కోపుని ఎంచడంలో ఆమె కొలబద్ద అదేనని నాకప్పుడు తెలిసింది. ఆడేవాళ్ళకి పాటలోని మాట వినపడాలి. కోలల చప్పుడు మాట మీద పడకూడదు. పల్లవి ఆఖర్న పడాలి. మోకాళ్ళ నొప్పుల వయసు వాళ్ళకీ అందాలి.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు కోలాటం జట్లు మాడవీధుల్లో నడుస్తాయి. అక్కడికి వెళ్ళాలన్నది మా ఊరి అమ్మాయిల కోరిక. ఊరేగింపుతో పాటు వలయం నడవలేదు. అందుకని వలయం విడిపోయి వరసలవుతుంది. వలయంలో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వరసలో అందరూ చూసేవాళ్ళ వైపు తిరుగుతారు. ఒకే చీర, ఒకే ఎత్తు, ఒకే వేగం అవసరమవుతాయి. యాభై దాటినవాళ్ళు వెనక వరసకి, తర్వాత ఇంటికి వెళ్తారు. ఎవరూ వాళ్ళని పొమ్మనరు. పాట వడే పంపిస్తుంది. అయితే ఇల్లు దాటి, బస్సెక్కి, వందలమంది ముందు ఆడే ఆ సంతోషం మా పెద్దమ్మ తరానికి ఎన్నడూ దొరకనిది. దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు.

చివరికి వాళ్ళే ఒక ఒప్పందానికొచ్చారు. నవమి రాత్రి మొదట బాక్సు కట్టేసి పెద్దమ్మ పాట, తిరిగే కోపు, వచ్చినవాళ్ళందరికీ వలయంలో చోటు. తర్వాత అమ్మాయిల వరసలు. పెద్దమ్మ పాడుతుంటే ఒక అమ్మాయి ఫోన్లో రికార్డు చేసింది. వచ్చే ఏడు ఆమె గొంతు ఆగినా పాట ఉంటుందని. కానీ ఆ రాత్రి పెద్దమ్మ ఒక చరణాన్ని మూడుసార్లు పాడింది. పక్కన ఆడుతున్న ముసలమ్మ తన చోటికి ఇంకా చేరలేదని. ఫోన్లో ఆ చరణం ఎప్పటికీ మూడుసార్లే వస్తుంది. అదెందుకో తెలిసినవాళ్ళు ఉన్నంతకాలమే అది పాట.