వెనక సీటు లేని బండి

మా ఇళ్లల్లో కారంటే వెనక సీటే. పిల్లలు, ముసలివాళ్లు, టిఫిను డబ్బాలు, వాళ్ల మధ్య ఇరుక్కుని ఇంటి ఆడది. గజ్వేల్ నుంచి హైదరాబాద్‌కి రాజీవ్ రహదారి మీద నా ప్రయాణాలన్నీ అలాగే సాగాయి.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, 2011లో, హోండా సీఆర్-జెడ్ నడిపి చూశాను. ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఇంజను, తోడుగా చిన్న విద్యుత్ మోటారు, ఆరు గేర్లు. జపానులో అమ్మినదానికి వెనక రెండు బుల్లి సీట్లుండేవి. అమెరికా బండికి అవీ లేవు, సామాను పెట్టుకునే చోటే. స్పోర్ట్ మీట నొక్కగానే స్పీడోమీటరు చుట్టూ ఎర్రటి వెలుగు, కాలి కింద కొత్త చురుకు. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగింది. వెనక అద్దానికి అడ్డంగా పట్టీ ఉండి వెనకున్నది సరిగా కనబడలేదు. వెనక ఎవరికేం కావాలో తిరిగి చూడాల్సిన పనీ లేదు.

ఆ రాత్రి ఫోన్లో గజ్వేల్ నుంచి అమ్మ అడిగింది: "ఇద్దరే కూసునే బండేంది బిడ్డా? మేమొస్తే ఏడ కూసోవాలె?"

నా దగ్గర జవాబు లేదు. కారు కొనలేదు.

అన్న బుల్లెట్ కొన్ననాడు ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టారు. దాని మీదా ఇద్దరికే చోటు. ఆ రోజు ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

అమెరికాలో ఆ కారు 2016 మోడల్‌తో ఆగిపోయింది. ప్రశ్న మాత్రం ఇంకా మన ఆడపిల్లల కోసమే కాచుకుని కూర్చుంది.