అంచు చూసి కొనాలి

రాజమండ్రికి కాస్త ఎడంగా, జామాయిల్ తోటల పక్కన ఉంది ఆ ప్లైవుడ్ మిల్లు. వంటగది అల్మరాలు మార్చే పని పెట్టుకున్నామని తెలిసి, మా వడ్రంగి ఆచారి గారే తీసుకెళ్లారు. "షాపులో చూస్తే పై రేకు తప్ప ఏం కనపడుద్దమ్మా, తయారయ్యే చోట చూద్దురు రండి" అన్నారు. గేటు దాటగానే పచ్చి బెరడు వాసన, ఆ వెంటే కళ్లు మండించే జిగురు ఘాటు.

ముందుగా పీలింగ్ మెషీన్. బెరడు తీసిన దుంగ గిర్రున తిరుగుతుంటే, దాని పొడవునా ఆనిన కత్తి మీదుగా, చుట్టిన చాప విప్పినట్టు పల్చటి రేకు బయటికొస్తోంది. మిగిలిన సన్నటి కర్ర బాయిలర్ పొయ్యిలోకి. రేకులు ఎండలో ఆరుతున్నాయి. తడి మిగిలితే వేడి ప్రెస్సులో ఆవిరి పట్టి పొరలు ఉబ్బిపోతాయట.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పొరలు పేర్చే బల్ల దగ్గర. ఒక రేకు నిలువుగా, జిగురు పూసిన రేకు దాని మీద అడ్డంగా, మళ్లీ నిలువుగా. మొత్తం పొరలు ఎప్పుడూ బేసి సంఖ్యే. చెక్క తేమ తాగితే నారకు అడ్డంగా ఉబ్బుతుంది గానీ నార పొడవునా పెద్దగా సాగదు. అందుకే ఒక పొరను పక్క పొర పట్టి ఆపుతుంది. లోపలి పొరలకు చిన్నచిన్న ముక్కలే వాడుతున్నారు. ఒకచోట ముక్కకీ ముక్కకీ మధ్య వేలు దూరేంత సందు పడింది. పేర్చే కుర్రాడు చూడనైనా చూడకుండా పైన ఇంకో రేకు వేసేశాడు. ఆచారి గారు నా చెవి దగ్గరకొచ్చి, "సరిగ్గా అక్కడే స్క్రూ పడిందనుకోండి, ఇక తలుపు నిలవదు" అన్నారు.

ఆ సందు షీటు మీద ఎంత తడిమినా దొరకదు. అంచులో మాత్రం నల్లటి బొక్కగా కనిపిస్తుంది. రేకు మీద రేకు ఎక్కినచోట అంచులోని పొరల గీతలు వంకర పోతాయి. ఆచారి గారు తయారైన షీట్ల నాలుగు అంచులూ చూసి, నడిమధ్య వేలి కణుపుతో కొట్టి, బోలుగా మోగినవి పక్కకు తోయించారు. 18 మిల్లీమీటర్లని రాసినదాన్నీ వెర్నియర్‌తో కొలిచాకే నమ్మారు.

పై రేకు ఎర్రగా ఉంటే గర్జన్ కలప అనుకోవడమూ పొరపాటే. మయన్మార్ 2014లో దుంగల ఎగుమతి ఆపేశాక గర్జన్ కరువైంది, ఎర్రరంగు పూసిన షీట్లకు గిరాకీ వచ్చింది. జిగురు సంగతీ అంతే. తేమను మాత్రమే తట్టుకునే ఎమ్మార్ రకానికి యూరియా జిగురు, నీటికి తట్టుకునే రకానికి ముదురు గోధుమ రంగు ఫినాల్ జిగురు. కానీ చవక జిగురులో రంగు కలపడం ఎంతసేపు? ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై నమూనా 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొర విడకూడదు. ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో ఉడకబెట్టి చూడటానికి మొహమాటమెందుకో నాకు అర్థం కాదు.

అయితే ఇల్లంతా మెరైనే వేయించాలన్న సలహా నాకు నచ్చదు. పడకగది బీరువాకు ఐఎస్ 303 ఎమ్మార్ సరిపోతుంది. సింకు కింద మాత్రం పిసినారితనం పనికిరాదు. అక్కడ కూడా నీళ్లు దిగేది కోసిన అంచుల్లోంచే. పైపు కోసం తొలిచిన రంధ్రానికి ప్రైమరో ఫెవికాలో పూయకుండా వదిలేసే మేస్త్రీలే ఎక్కువ. సన్‌మైకా ఒక్క వైపే అంటించినా పలక వంగుతుంది, లోపలి వైపు కూడా ఏదో ఒకటి అంటించాలి. పని మొదలయ్యేదాకా షీట్లను గోడకు ఆనించకూడదు. నేలమీద మూడు చెక్కబద్దలు పరిచి, వాటి మీద పడుకోబెట్టాలి.

ఆచారి గారు మెరైన్ షీట్లు సింకు వైపు అల్మరాలకు లెక్కగట్టి, మిగతా వాటికి ఎమ్మార్ రాయించారు. బిల్లులో గ్రేడు, మందం విడివిడిగా వేయమంటే గుమాస్తా కాస్త విసుక్కున్నాడు, వేశాడు.