బ్యాటిల్‌ఫర్డ్: ఒక సభాభవనం, ఒక న్యాయస్థానం

కెనడా పశ్చిమ భాగంలో కనుచూపు మేర పరచుకొన్న గడ్డిమైదానాలను ప్రెయరీలంటారు. ఆ సీమలోని సస్కాచువాన్ రాష్ట్రంలో, బ్యాటిల్ నది ఉత్తర సస్కాచువాన్ నదితో సంగమించే చోట, బ్యాటిల్‌ఫర్డ్ అనే చిన్న పట్టణం ఉంది. జనసంఖ్య ఐదు వేలకు మించదు. అయినా అక్కడి రెండు కట్టడాలను చూసినవారికి, ఇది ఒకప్పుడు మహానగరం కావాలని ఆశపడిన ఊరని తోచక మానదు. వాటిలో ఒకటి 1907-09 మధ్య నిర్మించిన న్యాయస్థానం. రెండవది 1911-12లో కట్టిన పురపాలక సభాభవనం; దానికే ఒపేరా హౌస్ అని కూడా పేరు. రెండూ నేడు కెనడా జాతీయ చారిత్రక స్థలాలు.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. 1876లో వాయవ్య భూభాగాలకు రాజధానిగా ఎన్నుకొన్నది ఈ ఊరినే. లెఫ్టినెంట్ గవర్నరు డేవిడ్ లెయర్డ్ 1877లో ఇక్కడికి తరలివచ్చాడు. మరుసటి ఏడు పాట్రిక్ గామీ లారీ అనే ముద్రాపకుడు విన్నిపెగ్ నుండి అచ్చుయంత్రాన్ని ఎడ్లబండి మీద తెచ్చి ‘సస్కాచువాన్ హెరాల్డ్’ పత్రికను ప్రారంభించాడు. ఖండాన్ని దాటే రైలుమార్గం ఈ దారినే వస్తుందని ఊరంతా నమ్మింది. కాని కెనడియన్ పసిఫిక్ కంపెనీ దక్షిణపు దారి పట్టింది. 1883లో రాజధాని కూడా రెజైనాకు తరలిపోయింది. 1905లో మరొక రైలుమార్గం వచ్చింది గాని, అది నది ఆవలి ఒడ్డున సాగిపోయింది. అక్కడ నార్త్ బ్యాటిల్‌ఫర్డ్ అనే కొత్త ఊరు వెలసి, 1913 నాటికి నగర హోదాను పొందింది.

రెండు మార్లు భాగ్యం చేజారిన తరువాతనే పాత ఊరిలో ఈ భవనాలు లేచాయన్నది గమనించదగిన విషయం. 1905లో ఏర్పడిన సస్కాచువాన్ రాష్ట్ర ప్రభుత్వం న్యాయస్థానాన్ని ఇవతలి ఒడ్డుననే కట్టించింది. న్యాయస్థానం ఉన్న చోట ప్లీడర్లు, గుమాస్తాలు, కక్షిదారులు, పూటకూళ్ల ఇళ్లు ఉంటాయి. జిల్లా కేంద్రాలను ఎరిగిన తెలుగువారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సభాభవనంలో కింది అంతస్తు పురపాలక కార్యాలయానికి, పై అంతస్తు రంగస్థలంతో కూడిన ప్రేక్షకశాలకు కేటాయించారు. పన్ను చెల్లించిన గృహస్థు పొద్దుగూకిన పిమ్మట అదే కప్పు కింద నాటకం చూడవచ్చును. విడిగా నాటకశాల కట్టే స్తోమత లేని ప్రెయరీ పట్టణాలు అనేకం ఈ విధంగానే ఒకే ఖర్చుతో పాలనకూ వినోదానికీ చోటు కల్పించుకొన్నాయి. ఒపేరా అన్న పేరు గౌరవం కోసం పెట్టుకొన్నదే.

అయితే ఈ ఊరి చరిత్ర ఇటుకలతో మొదలు కాలేదు. 1876లో క్రీ జాతి పెద్దలు ఆరవ ఒడంబడికకు సమ్మతించిన కొద్ది సంవత్సరాలకే బైసన్ మందలు అంతరించాయి. ప్రభుత్వం ఇచ్చే తిండిగింజలు సన్నగిల్లి ఆకలి ప్రబలింది. 1885 వసంతంలో తిరుగుబాటు చెలరేగింది. ఏప్రిల్ 2న ఫ్రాగ్ లేక్ వద్ద తొమ్మిది మంది హతులయ్యారు. ఆ ఏడే బ్యాటిల్‌ఫర్డ్‌లో విచారణలు జరిగాయి. తీర్పు చెప్పిన ఛార్లెస్ రూలో ఇల్లు ఆ అల్లర్లలోనే కాలిపోయింది. ముద్దాయిల పక్షాన న్యాయవాది లేడు. నవంబరు 27న ఆరుగురు క్రీలను, ఇద్దరు అసినిబోయిన్లను కోటలో ఒకేసారి ఉరితీశారు. పారిశ్రామిక పాఠశాలలోని ఆదివాసీ బాలలను ఆ దృశ్యం చూడడానికి తీసుకొనివచ్చారు.

న్యాయస్థాన భవనం అప్పటికింకా లేదు. కాని న్యాయమన్న మాటకు ఆదివాసీల మనస్సులలో ఆనాడు ఏర్పడిన అర్థం, తరువాత లేచిన గోడలకంటె గట్టిగా నిలిచింది. ఆ ఎనిమిది మందినీ కలిపి పూడ్చిన గొయ్యి దశాబ్దాలపాటు గుర్తు లేకుండా ఉండిపోయింది. వారి పేర్లతో శిలాఫలకం ఎంతో కాలానికి గాని వెలయలేదు. 1885లో ఇక్కడే లొంగిపోయిన క్రీ నాయకుడు పౌండ్‌మేకర్‌కు రెజైనాలో మూడేళ్ల ఖైదు విధించారు. విడుదలైన కొద్ది నెలలకే, 1886లో, ఆయన మరణించాడు. నిర్దోషి అన్న ప్రకటన కెనడా ప్రధానమంత్రి నోట 2019 మే నెలలో వెలువడింది. ఈ లోగా, 2003లో, ఊరి రాజధాని కాలానికి సాక్షిగా నిలిచిన పాత గవర్నమెంట్ హౌస్ అగ్నికి ఆహుతైపోయింది.

2018లో ఈ పట్టణపు న్యాయస్థానంలోనే, సమీప రిజర్వుకు చెందిన ఒక క్రీ యువకుని మరణంపై విచారణ జరిగింది. జ్యూరీ ముద్దాయిని నిర్దోషిగా విడిచిపెట్టింది. జ్యూరీకి పిలిచిన వారిలో ఆదివాసీలుగా కనిపించినవారిని ప్రతివాద పక్షం కారణం చెప్పకుండానే నిరాకరించిందన్న విమర్శ దేశమంతటా వినబడింది. అటువంటి నిరాకరణ హక్కును 2019లో పార్లమెంటు చట్టం ద్వారా రద్దు చేసింది.

పాత కట్టడాలను కాపాడే అధికారులు సాధారణంగా ఇటుకను, కప్పును, వాస్తురీతిని నమోదు చేస్తారు. అది అవసరమే. కాని లోపల ఎవరు కూర్చున్నారు, ఎవరిని కూర్చోనివ్వలేదు అన్నది కూడా భవన చరిత్రలో భాగమే. సభాభవనాన్ని కట్టినవారు ఊరు పెద్దదవుతుందని నమ్మారు; కాలేదు, దానివల్ల ఎవరికీ అపకారం జరగలేదు. న్యాయస్థానాన్ని కట్టినవారు మాత్రం అందరికీ ఒక మాట ఇచ్చారు. ఆ మాట చెల్లిందా అని అడిగే హక్కు, నది దాపున ఆ ఎనిమిది పేర్ల ముందు నిలిచేవారికి ఇంకా మిగిలే ఉంది.