జానెడు తక్కువ

లంబసింగి ట్రిప్ కోసం వేలాడే ఊయల కొన్నాను. కప్పుకోడానికి పాత చీరలతో బొంత కుడతానంది అమ్మమ్మ. నా హైట్ 68 అంగుళాలు, ముసుగు తన్నడానికి ఇంకో 4 కలిపి పొడవు 72 అన్నాను. వెడల్పు 48 చాలు, పక్కల్ని ఊయల అంచులే మూసేస్తాయి.

"కుట్లు పడ్డాక గుడ్డ దగ్గరకొచ్చేస్తుంది నాన్నా, ఇంకో జానెడు పెట్టు."

"లెక్క కరెక్టే అమ్మమ్మా!"

ఆ రాత్రి ముసుగు తన్నితే పాదాలు బయటే. వీపు కింది దుప్పటేమో నా బరువుకి అణిగిపోయింది. మధ్యలో గాలి నిలవకపోతే వెచ్చదనం ఎక్కడిది? అందుకే రెండో బొంత ఊయల బయట, అడుగున వేలాడాలి.

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ నవ్వలేదు. సూదిలో దారం ఎక్కించమంది. మొదటి బొంతంతా తడుముకుంటూనే కుట్టిందని అప్పుడు తెలిసింది.

ఈసారి కొలత అమ్మమ్మ జానతోనే. దారం ఎక్కించే పని నాది.