పాత డబ్బాని కొత్త డబ్బాలోకి ఎక్కించడం

మనలో చాలామందికి మైగ్రేషను అంటే ఒక ప్రాజెక్టు పేరు. దానికో ఎక్సెల్ షీటు, ఓ మేనేజరు, వారం వారం ఒక కాలు, చివర్న ఓ శనివారం రాత్రి జాగారం. 2025 అక్టోబరు 14తో విండోసు 10కి మామూలు మద్దతు అయిపోతుందని మా ఆఫీసులో ఏడాది ముందు నుంచే ఇదే గోల. పాత ల్యాప్‌టాపు ఇచ్చెయ్యి, కొత్తది పట్టుకెళ్ళు, ఫైళ్ళు వాటంతటవే దిగుతాయి అన్నారు. నిజంగానే దిగాయి. నాది నలభై నిమిషాల్లో అయిపోయింది.

ఫైళ్ళు మోసుకెళ్తే పని జరగని చోట్లు కూడా ఉన్నాయి. కంప్యూటరుని కంప్యూటరుగానే ఎత్తుకెళ్ళాలి. సత్తెనపల్లిలో మా మావయ్య డీటీపీ సెంటరు అలాంటిదే. పోయిన ఆషాఢంలో వారం సెలవు పెట్టి ఆ పని చేసొచ్చా. (ఆషాఢమే ఎందుకంటే అప్పుడు పెళ్ళిళ్ళుండవు, శుభలేఖల పనుండదు. డౌన్‌టైముకి పంచాంగాన్ని మించిన క్యాలెండరు లేదు!)

మావయ్యకి రెండు కంప్యూటర్లు. ఒకటి 2005లో కొన్న పెంటియం 4, విండోసు ఎక్స్‌పీ, నలభై జీబీ హార్డుడిస్కు. దాన్లో పేజ్‌మేకరు 7, ఓ తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, ఆ ప్యాకేజీకి యూఎస్‌బీ తాళం. తాళం అంటే డాంగిల్. అది గుచ్చితేనే తెలుగు కీబోర్డు పనిచేస్తుంది. రెండోది 1999 నాటి విండోసు 98 మిషను. అది అటకమీద ఉంటుంది. ఎవరైనా పాత పని అడిగితే కిందకి దింపుతారు. జిన్నింగు మిల్లులున్న ఊరు కదా, పెంటియం క్యాబినెట్ విప్పితే ఫ్యాను రెక్కలకి పత్తి నూగు పరుపులా అంటుకుని ఉంది. మిర్చి సీజన్లో విప్పేవాడికైతే తుమ్ములు అదనం. ఆ ఫ్యాను ఆగిన రోజు కొట్టు ఆగినట్టే.

"కొత్తది కొని అన్నీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చుగా?" అని ఆఫీసులో ఓ మిత్రుడు అడిగాడు. ఎక్కణ్ణుంచి చేస్తాం? పేజ్‌మేకరు 7 వచ్చింది 2001లో, అదే ఆఖరుది. దాని ఫైళ్ళని ఇన్‌డిజైను తెరిచేది, కానీ 2012లో వచ్చిన సీఎస్6 తర్వాత ఆ సౌకర్యం తీసేశారు. ఆ కాలం సాఫ్టువేర్లలో కొన్నిటికి ఇన్‌స్టాలరే 16 బిట్లది. 64 బిట్ల విండోసులో అది కదలను కూడా కదలదు, విండోసు 11లో 32 బిట్ల రకమే లేదు. ఇక తాళాన్ని గుర్తుపట్టే డ్రైవరు ఎక్స్‌పీ కోసం రాసింది. దాన్ని కొత్త విండోసు గుమ్మం కూడా తొక్కనివ్వదు.

ఇవన్నీ ఒకెత్తు, తెలుగు ఒకెత్తు. యూనికోడు వాడకంలోకి రాకముందు మన ఫాంట్లు ఎలా పనిచేసేవో ఇప్పటి కుర్రాళ్ళకి తెలీకపోవచ్చు. ఒక ఫాంటులో 256 గళ్ళు. ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవాళ్ళు. ఒకదాన్లో తలకట్టు, ఒకదాన్లో గుడి, ఇంకోదాన్లో ఒత్తు, అన్నీ విడివిడి బొమ్మలు. ఏ గడిలో ఏ ముక్క అన్నది ప్యాకేజీకో రకం, ఒక్కోసారి అదే ప్యాకేజీలో వెర్షనుకో రకం. కాబట్టి ఆ ఫైలు ఒక్కటే తెచ్చుకుని కొత్త కంప్యూటర్లో తెరిస్తే కనపడేది ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. ఫైలు, ఫాంటు, పేజ్‌మేకరు, కీబోర్డు, తాళం ఐదూ కలిస్తేనే అది తెలుగు.

ఆరోది మావయ్య వేళ్ళు. ముప్పై ఏళ్ళ నుంచి ఒకే లేఅవుటు. చూడకుండా, ఫోన్లో మాట్లాడుతూ టైపు చేస్తాడు. "ఇన్‌స్క్రిప్టు నేర్చుకో మావయ్యా, విండోసులోనే ఉంటుంది, డబ్బులు కూడా అక్కర్లేదు" అన్నా.

"నీ చేతిరాత మార్చుకోమంటే మార్చుకుంటావంట్రా అల్లుడూ?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అన్నట్టు, ఈ ఊరికీ తెలుగుకీ ఓ లంకె ఉంది. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకెళ్ళిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు 1974లో ఏర్పడ్డ అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులు. ఆఫీసుల్లో తెలుగు రావాలని ఆయన తిరిగిన రోజుల్లో సమస్య టైపుమిషను. తర్వాత సమస్య ఫాంటు. ఇప్పుడు ఆ ఫాంటుతో చేసిన పనంతా ఏ మిషన్లో బతకాలన్నది.

సరే, అసలు విషయానికొస్తా. వర్చువల్ మిషను అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు, మావయ్యకి చెప్పాల్సొచ్చింది. "కొత్త కంప్యూటరు లోపల నీ పాత కంప్యూటరు అద్దెకుంటుంది మావయ్యా. దానికి తన గది తనకే ఉంటుంది, బయట ఏముందో దానికి తెలీదు" అన్నా. "మరి అద్దె?" అన్నాడు. ర్యాములో ఒక జీబీ అన్నా.

మొదట చేసింది హార్డుడిస్కు విప్పి, యూఎస్‌బీ అడాప్టరుకి తగిలించి, లైనక్సు సీడీతో బూటు చేసి, డీడీరెస్క్యూతో బిట్టుబిట్టూ ప్రతి తీసుకోవడం. ఇరవై ఏళ్ళ డిస్కుతో ఇంకే ప్రయోగం చెయ్యాలన్నా ఈ ప్రతి తర్వాతే. ఆ తర్వాత డిస్కు మళ్ళీ పాత క్యాబినెట్లో పెట్టి, డివైసు మేనేజర్లో ఐడీఈ కంట్రోలరు డ్రైవరుని మైక్రోసాఫ్టు వాళ్ళ మామూలు ‘స్టాండర్డ్ డ్యూయల్ ఛానల్’ డ్రైవరుకి మార్చి, రీస్టార్టు చెయ్యకుండా ఆపేసి, రెండో ప్రతి తీశా. ఇదెందుకంటే, ఎక్స్‌పీకి తను పుట్టిన మదర్‌బోర్డు తప్ప వేరేది తెలీదు. బూటయ్యేటప్పుడు డిస్కు కంట్రోలరు కొత్తది కనపడితే నీలం తెర, 7బీ ఎర్రరు, అంతే సంగతి. ఈ ఒక్క మార్పు చేస్తే చాలామటుకు గండం గట్టెక్కినట్టే.

రెండో ప్రతిని వర్చువల్‌బాక్సు డిస్కుగా మార్చి, ఐఓ ఏపీఐసీ టిక్కు పెట్టి (పాత మిషన్లో ఎక్స్‌పీ ఆ పద్ధతిలో స్థాపించి ఉంటే ఇది తప్పనిసరి) స్టార్టు నొక్కా. ఎక్స్‌పీ పచ్చిక కొండ కనపడింది! తర్వాత కొత్త హార్డువేరు దొరికిందంటూ ఓ పదిహేను కిటికీలు. తర్వాత యాక్టివేషను మళ్ళీ చెయ్యమంది. ఇక్కడో మాట చెప్పాలి. కంప్యూటరుతో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు ఆ డబ్బాకే కట్టుబడి ఉంటుంది, దాన్ని వీఎంలోకి తెచ్చుకోవడం షరతుల ప్రకారం కుదరదు. పెట్టెలో విడిగా కొన్న రిటైలు లైసెన్సయితే మార్చుకోవచ్చు, పాతదాన్లోంచి తీసేస్తే చాలు. 2005లో మన ఊళ్ళలో విండోసంటే మార్కరు పెన్నుతో నంబరు రాసిన సీడీయే కదా. మావయ్య మాత్రం పెట్టె కొన్నాడు, రసీదు కూడా దాచాడు. ఫోను పద్ధతిలో అంకెలు చదివి యాక్టివేట్ చేశాం. నిజానికి మైక్రోసాఫ్టే 2009లో విండోసు 7 ప్రొఫెషనల్ కొన్నవాళ్ళకి ఎక్స్‌పీ మోడు పేరుతో లైసెన్సున్న ఎక్స్‌పీ వీఎం ఉచితంగా ఇచ్చింది. విండోసు 8తో మానేసింది. అది కొనసాగించి ఉంటే ఇలాంటి కొట్లకి ఎంత మేలయ్యేదో.

తాళాన్ని యూఎస్‌బీ ఫిల్టరు ద్వారా లోపలికి పంపితే ఫాంట్ల ప్యాకేజీ గుర్తుపట్టింది. ప్రింటరు దగ్గర కాస్త తిప్పలు. కొత్త లేజరు ప్రింటరుకి ఎక్స్‌పీ డ్రైవరు లేదు. అందుకని లోపల డిస్టిల్లరుతో పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్లో పడేస్తే, బయట విండోసు 11 నుంచి బటర్ పేపరు మీద తీసుకోవడం. స్క్రీను ప్రింటింగు వాళ్ళకి కావాల్సింది ఆ బటరే కాబట్టి పని ఆగలేదు. మావయ్య ఓ శుభలేఖ మొత్తం టైపు చేసి చూసి, "ఏందిరా, చప్పుడేది?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్యాను హోరులో పనిచేశాడు మరి.

ఇంటర్నెట్టు మాత్రం దానికి ఇవ్వలేదు. వర్చువల్ నెట్‌వర్కు కేబులు పీకేశా. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే పోయింది. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. కొట్టుకొచ్చే ప్రతివాడూ పెన్‌డ్రైవు తెస్తాడు, దాంతో ఏమొస్తుందో వాడికే తెలీదు. ఇప్పుడు పెన్‌డ్రైవు బయట విండోసులోనే తెరవాలి, స్కాను అయ్యాకే ఫైలు లోపలికి. పైగా స్నాప్‌షాటు ఉంది కాబట్టి ఏదైనా తేడా వస్తే నిన్నటికి వెనక్కెళ్ళచ్చు. పాత డబ్బాకి ఈ భాగ్యం ఎప్పుడూ లేదు.

ఇంతవరకూ బానే ఉంది. అటకమీది విండోసు 98 సంగతే వేరు.

దాన్ని కదిలించాల్సిన అవసరం ఇలా వచ్చింది. పక్క ఊళ్ళో ఒక తెలుగు మాస్టారు రిటైరయ్యాక తమ ఊరి కథంతా రాసి పుస్తకం వేసుకున్నారు. ఎవరు ఏ చెరువు తవ్వించారు, కాలవ నీళ్ళు రాకముందు ఏం పండేది, ఏ ఇంటిపేరు వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు, అన్నీ. 112 పేజీలు, మావయ్య దగ్గరే టైపు చేయించి మూడువందల కాపీలు వేశారు. మాస్టారు ఇప్పుడు లేరు. ఇంట్లో మిగిలిన కాపీలు చెదలు తినేశాయి. వాళ్ళమ్మాయి మళ్ళీ అచ్చు వేయించాలని వచ్చారు. ఫైలు ఆ 98 మిషన్లో తప్ప ఎక్కడా లేదు.

"మళ్ళీ టైపు చేస్తే పోలా?" అన్నా. మావయ్య ఒప్పుకోలేదు. మాస్టారు తనే మూడుసార్లు ప్రూఫు చూశారట, ఒక్క అచ్చుతప్పు ఉండనివ్వలేదట. మళ్ళీ కొడితే కొత్త తప్పులొస్తాయి, దిద్దడానికి ఆయన లేరు.

విండోసు 98ని ఇప్పటి ప్రాసెసర్ల మీద మామూలు వీఎంలో పెడితే ఊరికే కూలిపోతుంది. దాని మెమరీ నిర్వహణలో ఉన్న ఓ పాత లోపం కొత్త చిప్పుల మీద బయటపడుతుంది. ప్యాచు ఉంది గానీ నేను 86బాక్సు వాడా. అది ప్రాసెసరుతో సహా ఆ కాలపు మదర్‌బోర్డునే సాఫ్టువేరులో నటిస్తుంది. నెమ్మదే, కానీ పేజ్‌మేకరు 6.5కి అంత తొందరేముంది? డ్రైవర్ల కోసం విండోసు సీడీ అడిగింది. సీడీ ఎక్కడో పోయింది, అదృష్టం బావుండి డిస్కులోనే ఆప్షన్స్ ఫోల్డర్లో క్యాబ్ ఫైళ్ళున్నాయి. పుస్తకం తెరుచుకుంది. ఫాంట్లు అన్నీ ఉన్నాయి. మొదటి పేజీలో మాస్టారి పేరు చక్కగా కనపడింది.

కానీ ఆ మిషను తాళం ప్యారలల్ పోర్టుది. కొత్త కంప్యూటరుకి ఆ పోర్టే లేదు, యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే తీగలు ప్రింటర్లకే తప్ప తాళాలకి పనికిరావు. తాళం లేకపోతే ఫాంట్లు కనపడతాయి, కీబోర్డు పలకదు. అంటే పుస్తకాన్ని చదవచ్చు, అచ్చు తీయచ్చు, ఒక్క అక్షరం చేర్చలేం. వాళ్ళమ్మాయికేమో చివర్న నాలుగు పేజీలు కలపాలని ఉంది.

వీఎం గురించి నా అభిప్రాయం ఇక్కడే మారింది. మావయ్య రోజువారీ పనికి దాన్ని మించిన మందు లేదు, ఇప్పటికీ అదే అంటా. శుభలేఖ ఆయుష్షు నెల రోజులు, మావయ్య ఇంకో పదేళ్ళు పనిచేస్తాడు, అప్పటిదాకా ఎక్స్‌పీ లోపల హాయిగా ఉంటుంది. మాస్టారి పుస్తకం అలాంటిది కాదు. దాన్ని తెరవడానికి ఓ ఎమ్యులేటరు, దాన్లో చచ్చిపోయిన విండోసు, దాన్లో ఎవరూ అమ్మని పేజ్‌మేకరు కావాలంటే, ఇంకో ముప్పై ఏళ్ళకి ఎవరు తెరుస్తారు? డిస్కు ప్రతి మూడు చోట్ల దాచా, బావుంది. అయినా అక్షరాలు బయటికి రావాలి, యూనికోడులోకి.

అందుకని పేజ్‌మేకరు నుంచి పాఠాన్ని ఎగుమతి చేసి, ఫాంటు గళ్ళన్నీ చూసి పట్టిక రాసుకుని, పైథానులో ఓ చిన్న ప్రోగ్రాము రాశా. చిన్నదే అనుకుని మొదలుపెట్టా! ఆ ఫాంటులో క్రావడి ముందు వస్తుంది, అసలు అక్షరం తర్వాత. యూనికోడులో ముందు అక్షరం, పొల్లు, అప్పుడు ర. సరే, తిప్పొచ్చు. ఇంకా ఘోరం, దాన్లో ‘మ’ అంటే ‘వ’ పక్కన ఓ కొమ్ము. ‘వు’ కూడా దాదాపు అంతే. ఏది ఏదో ప్రోగ్రాముకి తెలిసే మార్గం లేదు, చదివేవాడికే తెలుస్తుంది. ఇంటిపేర్ల దగ్గరైతే చదివేవాడికీ అనుమానమే, వాళ్ళమ్మాయికి ఫోను చెయ్యాల్సిందే.

అచ్చు మాత్రం దాన్కోసం ఆగలేదు. 112 పేజీలు 98 నుంచి, చివరి నాలుగు పేజీలు ఎక్స్‌పీలో కొత్త ప్యాకేజీతో టైపు చేసినవి. రెండు ఫాంట్లకీ పేరొకటే, కానీ కొత్తదాన్లో తలకట్టు కొంచెం పొట్టి. తేడా తెలుస్తుందమ్మా అని మావయ్య ముందే చెప్పాడు. తెలియనివ్వండి బాబాయ్ గారూ, అవి నాన్న రాసినవి కావుగా అన్నారావిడ. శ్రావణంలో ప్రెస్సుకెళ్ళింది. నేను ఆదివారాలు కూర్చుని యూనికోడు ప్రతిలో ‘మ’లూ ‘వు’లూ సరిచూస్తున్నా, ఇప్పటికి 31వ పేజీ అయింది.