పెర్రీ కోమో పుట్టిన ఊళ్ళో ఒక పూట

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకోని వారు మన సభ్యుల్లో బహుశా ఎవరూ ఉండరు. 1977లో కుంభాభిషేకం జరిగిన నాటి నుంచీ ఆ పెన్‌హిల్స్ గుట్ట మనవాళ్ళకు తిరుపతి కొండే. వెళ్ళడం, దర్శనం, అర్చన, కింద హాల్లో పులిహోర, మళ్ళీ కారెక్కడం. ఇన్నేళ్ళుగా మా యాత్ర కూడా ఇంతే. కొలంబస్‌కు తిరిగి వచ్చే దారిలో 79వ నంబరు హైవే మీద కేనన్స్‌బర్గ్ అనే బోర్డు ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. చూడటమే గాని ఏనాడూ లోపలికి తిరగలేదు. ఈసారి తిరిగాము. కారు నడుపుతున్నది మా మనవడు కాబట్టి "తొందరగా ఇల్లు చేరాలి" అనే పెద్దమనిషి కారులో లేడు.

అక్కడికి ఎందుకంటే పెర్రీ కోమో కోసం. మేము ఈ దేశం వచ్చింది 1971 జనవరిలో. అప్పుడు రేడియో పెడితే చాలు ఆయన పాడిన 'ఇట్స్ ఇంపాజిబుల్' వచ్చేది. బస్సు కండక్టరు చెప్పేది అర్థంకాక, కొట్లో అమ్మాయి అడిగేది అర్థంకాక తికమక పడుతున్న రోజుల్లో ఆయన పాటలోని ప్రతి మాటా మాకు తెలిసేది. తొందర లేదు, మాట మింగడం లేదు. మా ఇంగ్లీషు చెవి బాగుపడిందంటే అందులో కొంత పుణ్యం ఆయనదే.

పిట్స్‌బర్గ్ ఊరు దాటి, ఫోర్ట్ పిట్ సొరంగంలో నుంచి బయటపడి దక్షిణంగా వెళితే కేనన్స్‌బర్గ్ వస్తుంది. ఇప్పుడక్కడ జనాభా పదివేల లోపే. ఎత్తూ పల్లమూగా ఇళ్ళు, మధ్యలో పైక్ స్ట్రీట్. జూలై 4 ఊరేగింపు చూడటానికి రోజుల ముందే పేవ్‌మెంటు మీద కుర్చీలు వేసి చోటు పట్టుకుంటారట ఈ ఊరివాళ్ళు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్న మనకు ఇది వింతేమీ కాదు.

చిన్న ఊరే గాని చరిత్ర తక్కువది కాదు. ఒకప్పుడు ఇక్కడ జెఫర్సన్ కాలేజీ ఉండేది. 1865లో అది పక్క ఊరైన వాషింగ్టన్ కాలేజీతో కలిసిపోయింది. తర్వాత రేకుల మిల్లులు, కుండల ఫ్యాక్టరీ వచ్చాయి. అన్నిటికన్నా విచిత్రం, రేడియం కూడా ఇక్కడ తీశారు. 1921లో అమెరికా స్త్రీలు చందాలు పోగుచేసి మేడం క్యూరీకి ఒక గ్రాము రేడియం బహూకరించారు. దాని ఖరీదు అప్పట్లో లక్ష డాలర్లు. ఆ గ్రాము ఈ ఊరిలోని స్టాండర్డ్ కెమికల్ కంపెనీ తీసినదే. ఆమె స్వయంగా వచ్చి ఫ్యాక్టరీ చూసి వెళ్ళారు. తర్వాత అదే స్థలంలో యురేనియం పని కూడా సాగింది. మిగిలిపోయిన చెత్తను ప్రభుత్వం 1980లలో శుభ్రం చేయవలసి వచ్చింది. పక్కవీధుల వాళ్ళు ఏళ్ళ తరబడి దాని మధ్యనే కాపురం చేశారు. మేడం క్యూరీ వచ్చినప్పుడు కోమోకు తొమ్మిదేళ్ళు. చూడటానికి వెళ్ళాడో లేదో గాని, ఆ మరుసటి ఏటికల్లా పనిలో చేరిపోయాడు.

విగ్రహం పైక్ స్ట్రీట్‌లో బరో భవనం ముందు ఉంది. 1999లో, ఆయన బతికి ఉండగానే పెట్టారు. కింద దిమ్మ మీద, దేవుడు నన్ను ఈ చోటికి తెచ్చాడు అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంది. అది ఆయనకు ఇష్టమైన మాటట. ఈ విగ్రహం పాడుతుంది కూడా! నిజంగానే. దాపున స్పీకర్లు అమర్చి ఆయన రికార్డులు వేస్తారు. మొదట మాకు నవ్వొచ్చింది. రెండో పాటకు నవ్వు ఆగి, అక్కడే నిలబడిపోయాము.

కోమో తల్లిదండ్రులు ఇటలీలో పాలేనా అనే కొండ ఊరినుంచి 1910లో వచ్చారు. ఆయన పుట్టింది 1912 మే 18న. ఇంటినిండా పిల్లలు, వారిలో అమెరికా గడ్డ మీద పుట్టిన మొదటివాడు ఈయన. ఇంట్లో అందరూ ఇటాలియనే మాట్లాడటం వల్ల బడికి వెళ్ళేదాకా ఈయనకు ఇంగ్లీషు రాదు. తర్వాత కోట్లమంది అమెరికన్లకు తమ ఇంటి గొంతు అనిపించిన మనిషి సంగతి ఇది. "పిల్లలతో ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషులో వెనకబడతారేమో" అని మన సమావేశాల్లో దిగులుపడే తల్లులు ఇది గమనించ ప్రార్థన.

తండ్రి పియత్రో మిల్లులో కూలీ. చక్కగా పాడేవాడు కూడా. తినడానికే చాలీచాలని జీతంలో పిల్లలందరికీ సంగీతం చెప్పించాడు. మూడు డాలర్లు పెట్టి పాత ఆర్గన్ ఒకటి కొన్నాడు. నడక వచ్చీ రాగానే పెర్రీ దాని దగ్గరికే చేరేవాడట. ఎన్నో వాయిద్యాలు నేర్చాడు. గాత్రం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

పదేళ్ళప్పుడు ఒక క్షౌరశాలలో వారానికి 50 సెంట్లకు చేరాడు. తండ్రికి ఒంట్లో బాగుండకపోవడంతో 14 ఏళ్ళకే సొంత షాపు నడిపాడు. అమెరికన్లు ఈ సంగతి చెప్పేటప్పుడు "మంగలి పని చేసుకునేవాడు పాటగాడయ్యాడు!" అని ఆశ్చర్యపోతారు. మాకు ఆ ఆశ్చర్యం కలగలేదు. మన ఊళ్ళలో సన్నాయి ఎవరిది, డోలు ఎవరిది? గుళ్ళో సుప్రభాత వేళ మేళం వాయించేదీ, పెళ్ళికొడుకును చేసేటప్పుడు కత్తి పట్టేదీ, సాయంత్రం ఊరేగింపులో కల్యాణి రాగం అందుకునేదీ ఒకే ఇంటివారు కాదూ? కోమో షాపులో పెళ్ళికొడుకులకు, వెంట వచ్చిన స్నేహితులకు రాజోపచారాలు జరిగేవట. గడ్డం గీస్తూ, జుట్టు కత్తిరిస్తూ ప్రేమపాటలు పాడేవాడట. అది చదివినప్పుడు మాకు మా ఊరి నాయీబ్రాహ్మణుల వీధే కళ్ళకు కట్టింది. తేడా ఒకటుంది. ఇక్కడ పనివాడికి ఊరు విగ్రహం పెట్టింది. అక్కడ మేళం వాయించిన వారిని, పెళ్ళిభోజనాల వేళ చివరి పంక్తిలో కూర్చోబెట్టడం మేము చూశాము, ఏమీ అనకుండా ఊరుకున్నాము.

అసలు మేము చెప్పదలచుకున్నది 1933 సంగతి. అప్పటికి కోమో ఉత్తరాన మీడ్‌విల్ అనే ఊళ్ళో కత్తెర పట్టి వారానికి 125 డాలర్లు సంపాదిస్తున్నాడు. దేశంలో మహా మాంద్యం, మిల్లులు మూతపడుతున్నాయి. ఆ రోజుల్లో అది మామూలు సొమ్ము కాదు. అప్పుడు క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడీ కార్లోన్ అనే బ్యాండు యజమాని ఈయన పాట విని, వస్తావా అని అడిగాడు. జీతం వారానికి 28 డాలర్లు! తండ్రి వద్దంటాడనుకునే పెర్రీ వెళ్ళి చెప్పాడు. పియత్రో వద్దనలేదు. ఈ అవకాశం వదులుకుంటే నువ్వు పాటగాడివి కాగలవో లేదో నీకెప్పటికీ తెలియకుండా పోతుంది, వెళ్ళు అన్నాడు. ఆ సంవత్సరమే చిన్ననాటి స్నేహితురాలు రోసెల్‌ను పెళ్ళి చేసుకుని కోమో క్లీవ్‌లాండ్ దారి పట్టాడు.

మూడేళ్ళ తర్వాత టెడ్ వీమ్స్ బృందంలో చేరాడు. ఊరూరూ తిరుగుడు. బిడ్డ పుట్టాక ఆ తిరుగుడు మీద విసుగు పుట్టింది. 1942లో వీమ్స్ యుద్ధకాలపు కొలువుకు వెళ్ళి బృందం విడిపోతే, కోమో మళ్ళీ కేనన్స్‌బర్గ్ వచ్చేశాడు, కత్తెర పట్టుకుందామని. కొత్త షాపుకు అద్దె కాగితం మీద సంతకం పెట్టబోతుండగా న్యూయార్క్ నుంచి ఫోను, రేడియోలో పాడమని. వద్దనుకున్నవాణ్ణి రోసెల్ ఒప్పించింది. అది కుదరకపోతే క్షౌరశాల ఎప్పుడైనా పెట్టుకోవచ్చు అన్నదట ఆ ఇల్లాలు.

1943లో ఆర్‌సీఏ విక్టర్ వారితో ఒప్పందం కుదిరింది. ఆ ఒక్క కంపెనీకే 44 ఏళ్ళు పాడాడు. 1945లో షోపాన్ బాణీ మీద కట్టిన 'టిల్ ది ఎండ్ ఆఫ్ టైమ్' పది వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 'క్యాచ్ ఎ ఫాలింగ్ స్టార్' రికార్డుకు 1958లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం తన మొట్టమొదటి బంగారు గుర్తింపు ఇచ్చింది. గ్రామీ బహుమతులు మొదలైన ఏడే ఒకటి ఆయనకు వచ్చింది. మిగిలిన జాబితా మేము రాయము. టెలివిజన్లో స్వెటరు వేసుకుని, ప్రేక్షకుల ఉత్తరాలు అందుకుని, అడిగిన పాట పాడేవాడు. మన వివిధభారతి జనరంజనిలాంటిదే, పాడేవాడు ఎదుట కూర్చుంటాడు, అంతే.

ఆయన పాట నిద్ర తెప్పిస్తుందని వేళాకోళం చేసేవారు చాలామంది. కొంత నిజమే. రాక్ అండ్ రోల్ వచ్చాక కూడా ఆయన తన పద్ధతి మార్చలేదు. అయితే పూర్వం పాటగాడు చివరి వరుసకు వినిపించేలా అరవవలసి వచ్చేది. మైకు వచ్చాక పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పాడవచ్చునని బింగ్ క్రాస్బీ చూపించాడు, కోమో దాన్ని ఇంకా నెమ్మదించాడు. మన ఎ.ఎం. రాజా పాట నచ్చినవారికి ఈయన తప్పక నచ్చుతాడు. అంత నెమ్మదిగా, శ్రుతి చెదరకుండా, ఊపిరి వినపడకుండా పాడటం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. మేము కారులో ప్రయత్నించాము. మనవడు కిటికీ అద్దాలు దించాడు.

రోసెల్‌తో 65 ఏళ్ళ కాపురం. ఆమె 1998లో పోయారు. ఆయన 2001 మే 12న ఫ్లోరిడాలో, 89వ పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు పోయారు.

విగ్రహం దగ్గర మెట్టు మీద కూర్చుని, గుడి నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పాము. కోమో, కార్లోన్, 28 డాలర్ల కథ మనవడికి చెప్పాము. వాడు తినడం ఆపి విన్నాడు. వాడికీ ఒక 28 డాలర్ల కథ ఉంది. కంప్యూటర్ ఉద్యోగం మానేసి పాటలు రికార్డు చేసే స్టూడియోలో చేరతానంటున్నాడు, జీతం ఇప్పటిదానిలో సగం. వాళ్ళ నాన్న ససేమిరా అన్నాడు. ఆ నాన్నే పద్దెనిమిదేళ్ళప్పుడు మృదంగం పట్టుకుని సంగీత కళాశాలలో చేరతానంటే, ముందు డిగ్రీ, తర్వాత చూద్దాం అని మేము చెప్పాము. తర్వాత మేమూ చూడలేదు, వాడూ అడగలేదు. మృదంగం చాలాకాలం బేస్‌మెంట్‌లో ఉండి, ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది.

"ఆయన వాళ్ళ నాన్న చోట మీరుంటే ఏమనేవారు తాతయ్యా?" అన్నాడు మనవడు.

"మీ నాన్ననే అడుగు" అన్నాము. వాడు నవ్వలేదు. విగ్రహం మరో పాట అందుకుంది.

"మీరే చెప్పండి నానమ్మా. నేను చెబితే వినరు."

హైవే ఎక్కి, వాషింగ్టన్ దాటి, 70వ నంబరు రోడ్డు మీద వెస్ట్ వర్జీనియా సరిహద్దు చేరేదాకా కారులో మాటల్లేవు. వీలింగ్ దగ్గర పెట్రోలు కోసం ఆగినప్పుడు, వాడు కాఫీలు తేవడానికి లోపలికి వెళ్ళగానే, మా అబ్బాయికి ఫోను చేశాము. వాడి ఉద్యోగం సంగతి తర్వాత, ముందు నీ మృదంగం సంగతి మాట్లాడాలిరా అన్నాము. అవతల కొంతసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇప్పుడెందుకమ్మా అది" అన్నాడు గాని, ఫోను పెట్టెయ్యలేదు.